చారిత్రక డిటెక్టివ్ నవలలో హంతకుడి సదాశయం

(నల్లగొండలో జరిగిన ఒక సాహిత్య సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం.

మంచి పని కోసం మనిషిని చంపవచ్చునా అన్న ప్రశ్నను తత్త్వవేత్తలు, రాజనీతిజ్ఞులు, ఉద్యమకారులు ఎవరి పద్ధతిలో వారు చర్చించారు. నాకు అప్పగించిన విషయం అంత పెద్దది కాదు. చరిత్రలోని ఒక కాలాన్ని ఎంచుకొని, అందులో ఒక హత్యను నిలిపి, చేసిందెవరో వెతికే నవలలు ఈ ప్రశ్నను ఎట్లా పట్టుకున్నాయి, ఎక్కడ జారవిడిచాయి అన్నంత వరకే నా పరిధి. కాకపోతే ఈ మాట నల్లగొండలో మాట్లాడేటప్పుడు కొంచెం జాగ్రత్త అవసరం. ఈ సభలో ఉన్నవారి ఇళ్లలో తెలంగాణ సాయుధ పోరాట దళాలలో తిరిగిన తాతలున్నారు, దొర గడిలో కొలువు చేసిన తాతలున్నారు, రజాకార్ల దెబ్బలు తిన్నవారూ ఉన్నారు. కొన్ని ఇళ్లలో ఒకే చూరు కింద ముగ్గురూ ఉన్నారు. కాబట్టి మనకు ఈ విషయం కేవలం సాహిత్య చర్చ కాదు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను, తర్వాత దానికి ఆధారాలు చూపుతాను. చారిత్రక డిటెక్టివ్ నవలలో హంతకుడు తన పనికి ఒక గొప్ప ఆశయాన్ని అడ్డం పెట్టుకున్నప్పుడు, పాఠకుడు తెలియకుండానే ఒక అన్యాయం చేస్తాడు. ఆ ఆశయం తర్వాత నెరవేరిందో లేదో పాఠకుడికి చరిత్ర పుస్తకాల వల్ల ముందే తెలుసు. హంతకుడికి ఆ రాత్రి తెలియదు. అతడి చేతిలో ఉన్నది ఊహ మాత్రమే. చచ్చిపోయిన మనిషి మాత్రం ఊహ కాదు. ఈ తేడాను మరచిపోనివ్వని రచయిత మంచి రచయిత. చరిత్ర ఫలితాన్ని తెచ్చి హంతకుడి చేతికి సాక్ష్యంగా ఇచ్చే రచయిత, నా దృష్టిలో, డిటెక్టివ్ నవల నియమాన్నే తప్పుతున్నాడు. కథలో అప్పటికి దొరికిన ఆధారాలతోనే నేరాన్ని తేల్చాలన్నది ఈ ప్రక్రియకు మొదటి నియమం. ఆ నియమం నేరం ఎవరిదన్న దానికే కాదు, ఆ నేరం న్యాయమా కాదా అన్న విచారణకూ వర్తించాలి.

మన సంప్రదాయంలోనే మొదలుపెడదాం. విశాఖదత్తుడి ముద్రారాక్షసం నాటకం, నవల కాదు. అయినా ఇటువంటి కథకు కావలసిన సరుకంతా అందులో ఉంది. ఒక ఉంగరం, ఒక కపట లేఖ, మారువేషాల చారులు, విషకన్య. నందుల మంత్రి రాక్షసుడు చంద్రగుప్తుణ్ణి చంపడానికి పంపిన విషకన్యను చాణక్యుడు పర్వతకుడి మీదికి మళ్లిస్తాడు. పర్వతకుడు మిత్రరాజు, అర్ధరాజ్యం ఇస్తామని మాట పొందినవాడు. అతడు చనిపోగానే ఆ చంపించింది రాక్షసుడేనని ఊళ్లో పుకారు లేపుతారు. అంటే ఒకే దెబ్బతో పంచి ఇవ్వవలసిన రాజ్యం మిగిలింది, నింద శత్రువు నెత్తిన పడింది. హత్యను ఇంత పొదుపుగా వాడుకున్న పాత్ర మన సాహిత్యంలో మరొకటి ఉన్నట్టు నాకు తోచదు.

ఆ నాటకంలో నన్ను ఎప్పుడూ ఆపేసే చోటు రెండవ అంకంలో ఉంది. చంద్రగుప్తుడి పడకగదిలో, గోడలోపలి సొరంగంలో, రాక్షసుడి మనుషులు కొందరు దాగి ఉంటారు. రాజు నిద్రించాక బయటికి వచ్చి చంపాలన్నది వారి పథకం. రాజు రాకముందు చాణక్యుడు ఆ గది చూడడానికి వస్తాడు. గోడకున్న ఒక సన్నని నెర్రె లోంచి చీమలు బారుగా బయటికి వస్తున్నాయి, వాటి నోట అన్నం మెతుకుల ముక్కలున్నాయి. గోడలోపల అన్నం ఉన్నదంటే తినే మనిషి ఉన్నాడు. చాణక్యుడు ఎవరినీ పిలవడు, గోడ తవ్వించడు, ఒక్క మాట అడగడు. గదికి నిప్పు పెట్టిస్తాడు. లోపలివారు పొగలో దారి కనిపించక కాలిపోతారు. పరిశోధకుడి చూపు ఎంత సూక్ష్మంగా ఉండాలో చీమల బారు చెబుతుంది; ఆ చూపు రాజ్యం చేతిలో ఉంటే ఏమవుతుందో తర్వాతి వాక్యమే చెబుతుంది. ఆనవాలు పట్టినవాడు, తీర్పు చెప్పినవాడు, శిక్ష వేసినవాడు ముగ్గురూ ఒక్కరే. తర్వాతి కాలపు డిటెక్టివ్ నవల ఈ ముగ్గురినీ విడదీసింది.

ఇక కపట లేఖ సంగతి. చాణక్యుడు పుట్టించిన ఆ లేఖ మూలంగా పర్వతకుడి కొడుకు మలయకేతువు తన పక్షాన నిలిచిన ఐదుగురు రాజులను ద్రోహులనుకొని చంపిస్తాడు. నేల కావాలనుకున్న ముగ్గురిని గోతిలో పూడ్పిస్తాడు, ఏనుగులు కావాలనుకున్న ఇద్దరిని ఏనుగులతో తొక్కిస్తాడు. చాణక్యుడు వారిలో ఎవరి మీదా చేయి వేయలేదు. చివరి అంకంలో చందనదాసును వధ్యస్థానానికి తీసుకుపోతుంటే మిత్రుణ్ణి కాపాడడానికి రాక్షసుడు లొంగిపోతాడు, చంద్రగుప్తుడికి మంత్రి అవుతాడు, చందనదాసు బతుకుతాడు, మలయకేతువుకు తండ్రి రాజ్యం తిరిగి వస్తుంది. అందరికీ సంతోషమే. ఆ ఐదుగురి చావుకు మాత్రం నాటకం ఎవరినీ బాధ్యుణ్ణి చేయదు. మనమూ అడగం, ఎందుకంటే చంద్రగుప్తుడి వెనుక మౌర్య సామ్రాజ్యం వస్తున్నదని మనకు తెలుసు. విశాఖదత్తుడికీ తెలుసు. నేను చెప్పిన అన్యాయం ఇదే. పర్వతకుడు చనిపోయిన రాత్రికి ఆ సామ్రాజ్యం ఎక్కడుంది? ఒక బ్రాహ్మణుడి ఆలోచనలో ఉంది.

ఇప్పుడు దీనికి ఎదురుగా మరో కథను పెడతాను. ఎలిస్ పీటర్స్ అనే ఇంగ్లిష్ రచయిత్రి 1979లో ఒక నవల ప్రచురించింది. కథాకాలం 1138. ఇంగ్లండ్‌లో స్టీఫెన్, మాడ్ అనే ఇద్దరు సింహాసనం కోసం అంతర్యుద్ధం చేస్తున్న రోజులు. స్టీఫెన్ ష్రూస్‌బరీ కోటను పట్టుకున్న తర్వాత లోపల దొరికిన 94 మందిని ఉరితీయించాడు. ఇది కల్పన కాదు. ఆర్డెరిక్ విటాలిస్ అనే ఆనాటి చరిత్రకారుడు రాసిన సంగతే ఆ నవలకు ఆధారం. అక్కడికి దగ్గరలోని మఠంలో మూలికల తోట పెంచే కాడ్‌ఫెల్ అనే సన్యాసి ఆ శవాలకు సంస్కారం చేయడానికి అనుమతి అడిగి వెళ్తాడు. శవాలను వరుసగా పడుకోబెట్టి లెక్క పెడతాడు. 94 ఉండవలసిన చోట 95 ఉన్నాయి.

మిగతావారి మెడల మీద ఉరితాడు గుర్తులున్నాయి. ఈ ఒక్క కుర్రవాడి మెడ చుట్టూ సన్నని తాడు కోసిన గీత ఉంది. వెనుక నుంచి ఎవరో బిగించి చంపారు. చంపినవాడు చాలా తెలివిగా ఆలోచించాడు. రాజాజ్ఞతో చచ్చినవారి కుప్పలో ఒక శవాన్ని కలిపేస్తే ఎవరు లెక్కపెడతారు? పెద్ద కారణం కోసం జరిగిన హింస చాటున చిన్న కారణం కోసం జరిగిన హత్య దాక్కుంది. సదాశయానికీ హత్యకూ ఉన్న సంబంధాన్ని ఇంతకంటే సూటిగా చూపిన కథ నేను చదవలేదు.

అయితే ఈ నవలను నేను ఎంత మెచ్చుకున్నా, అది ఒక చోట తప్పించుకుందని అనిపిస్తుంది. కాడ్‌ఫెల్ 95వ శవానికి న్యాయం తెచ్చాడు. 94 మందికి సంస్కారం మాత్రమే దక్కింది. వారి బంధువులను పిలిపించి శవాలను అప్పగించడం గొప్ప పనే; కానీ వారిని చంపినవాడెవరో అందరికీ తెలుసు, అతడు సింహాసనం మీద ఉన్నాడు, అతడి దగ్గరికే వెళ్లి ఒక్కడి కోసం న్యాయం అడగవలసి వచ్చింది. కాడ్‌ఫెల్ స్వయంగా ఒకప్పుడు క్రైస్తవ ధర్మయుద్ధాలలో పోరాడిన సైనికుడు. అంటే పెద్ద ఆశయం కోసం మనుషులను చంపివచ్చినవాడు. రచయిత్రి ఆ సంగతిని దాచదు, నిలదీయదు కూడా. పాఠకుడికి హాయిగా ఉండడం కోసం కాస్త పక్కకు జరిపింది. చారిత్రక డిటెక్టివ్ కథల్లో చాలావాటికి ఈ జబ్బు ఉంది. ఒక్క హత్యను పరిష్కరించి, ఆ హత్య చుట్టూ ఉన్న ఊచకోతను వాతావరణంగా వాడుకుంటాయి.

ఉంబెర్తో ఎకో నవల ది నేమ్ ఆఫ్ ది రోజ్ గురించి ఈ సభలో చాలామందికి తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. 1327లో ఒక ఇటాలియన్ మఠం. నవ్వు గురించి అరిస్టాటిల్ రాసిన పుస్తకం లోకానికి తెలిస్తే దైవభయం పోతుందని భయపడే గుడ్డి వృద్ధ సన్యాసి. విషం పూసిన పుటలు. ఆ వృద్ధుడు తన కోసం ఏమీ కోరడు. డబ్బు లేదు, పదవి లేదు, పగ లేదు. ఆశయం అంటూ చూస్తే చాణక్యుడి కంటే అతడిదే ఎక్కువ నిస్వార్థం. అయినా మనం అతణ్ణి ఒక్క క్షణం కూడా క్షమించం, చాణక్యుణ్ణి మెచ్చుకుంటాం. ఎందుకు? సాధనం రెండు చోట్లా విషమే. తేడా ఒక్కటే, చాణక్యుడి ఆశయం మనకు నచ్చింది, ఈయనది నచ్చలేదు. అంటే హింసను మనం తూచడం లేదు. ఆశయం మన పక్షానిదా కాదా అని మాత్రమే చూస్తున్నాం. ఈ రెండు కథలను పక్కపక్కన చదివితే పాఠకుడి పక్షపాతం బయటపడుతుంది.

ఇక మన నేలకు వద్దాం. ఈ జిల్లాలోనే, నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరుంది. అక్కడ 1289 నవంబరు 27 నాటి శాసనం దొరికింది. వేయించినవాడు పువ్వుల ముమ్మడి అనే భటుడు. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరినందున వారికి పుణ్యంగా సోమనాథ దేవరకు భూమి ఇచ్చినట్టు అందులో ఉంది. రాణి, సేనాని కలిసి ఒకే శాసనంలో శివలోకం చేరడమే చరిత్రకారులను ఆలోచింపజేసింది. కాకతీయుల సామంతుడైన కాయస్థ నాయకుడు అంబదేవుడు తిరగబడిన కాలం అది. అతడి మీదికి వెళ్లిన పోరులో ఇద్దరూ మరణించి ఉంటారని ఎక్కువమంది అనుకున్నారు. కానీ శాసనం ఎవరు చంపారో చెప్పదు, ఎట్లా చనిపోయారో చెప్పదు. తన విజయాలను వరుసగా ఏకరువు పెట్టుకున్న అంబదేవుడు 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో రుద్రమదేవిని చంపానని సూటిగా చెప్పుకోలేదు. రాజ్యమేలిన రాణి మరణాన్ని ఒక మామూలు భటుడు, రాజధానికి దూరంగా, ఒక ఊరి గుడికి భూమి ఇస్తూ చెప్పిన కొన్ని పంక్తుల వల్ల మనం తెలుసుకుంటున్నాం. డిటెక్టివ్ నవల రాయాలనుకునే వారికి ఇంతకంటే మంచి మొదటి పుట దొరకదు. ఇప్పటివరకు ఎవరూ ఎందుకు పట్టుకోలేదో నాకు అర్థం కాదు.

ఇప్పుడు కేవలం కల్పన కోసం, చరిత్ర అని ఎవరూ పొరబడవద్దని మనవి చేసుకుంటూ, ఒక ఊహ చేద్దాం. రాణి వృద్ధురాలు. వారసుడు ఆమె మనుమడు ప్రతాపరుద్రుడు. యుద్ధం ఎదురు తిరిగింది. రాణి ప్రాణాలతో శత్రువు చేతికి చిక్కితే ఆమెను అడ్డం పెట్టుకొని ఓరుగల్లును లొంగదీస్తారని ఆమె సొంత శిబిరంలోని ఒక నమ్మకస్థుడు భయపడ్డాడనుకోండి. ఆమె చిక్కకుండా ఉండాలని అతడే ఆ పని చేశాడనుకోండి. ఆశయంలో మచ్చ లేదు. స్వామిభక్తి ఉంది, రాజ్యభక్తి ఉంది, కన్నీళ్లు కూడా ఉన్నాయి. ఈ మనిషిని పరిశోధకుడు పట్టుకుంటే ఏమనాలి?

చరిత్ర తెలిసిన పాఠకుడు ఇక్కడ వెంటనే లెక్క వేస్తాడు. ప్రతాపరుద్రుడు కొద్ది ఏళ్లలోనే అంబదేవుణ్ణి అణచివేశాడు. రాజ్యం నిలబడింది. కాబట్టి ఆ నమ్మకస్థుడు చేసింది సరైనదే! కానీ ఆ లెక్కను మరికొంచెం ముందుకు జరపండి. 1323లో ఓరుగల్లు పడిపోయింది, ప్రతాపరుద్రుడు బందీగా ఢిల్లీ దారి పట్టాడు, మధ్యదారిలో చనిపోయాడు. ఏ రాజ్యం కోసం ముసలి రాణిని చంపాడో ఆ రాజ్యం పోయింది. కాబట్టి చేసింది తప్పు! అదే హత్య, అదే మనిషి, అదే కత్తి. చరిత్ర పుస్తకాన్ని ఏ పుట దగ్గర మూస్తామన్న దాన్ని బట్టి తీర్పు మారుతున్నది. ఫలితానికి ఆఖరి తేదీ అంటూ లేదు. అందువల్లనే ఫలితంతో హత్యను సమర్థించడం కుదరదని నేనంటున్నాను. అది దయాగుణంతో అంటున్న మాట కాదు, లెక్క తెగదు కాబట్టి అంటున్న మాట.

ఇక్కడొక గట్టి ఆక్షేపణ ఉంది, దాన్ని దాటవేస్తే ఈ సభను మోసం చేసినవాణ్ణి అవుతాను. డిటెక్టివ్ నవల అనే ప్రక్రియ ఒక ఊహ మీద నిలబడింది: లోకం మామూలుగా ప్రశాంతంగా ఉంటుంది, ఒక హత్య ఆ ప్రశాంతతను చెదరగొడుతుంది, పరిశోధకుడు వచ్చి దాన్ని తిరిగి నెలకొల్పుతాడు. నిజాం కాలపు నల్లగొండలో ఈ ఊహ ఒక్క పూట కూడా నిలవదు. అక్కడ హింస మామూలు, ప్రశాంతత అపవాదం. వెట్టి మామూలు, నాగుకు, అంటే వడ్డీ మీద, ధాన్యం తీసుకున్నవాడి కొడుకు, మనుమడు కూడా అదే అప్పు కింద పనిచేయడం మామూలు. 1946 జూలై 4న కడవెండిలో విస్నూరు దేశ్‌ముఖ్ గడి నుంచి జరిగిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయినప్పుడు అందులో రహస్యం ఏముంది? చంపిందెవరో ఊరంతటికీ తెలుసు. ఎవరు చంపారన్నది కాదు, వాణ్ణి అడిగేదెవరన్నది ప్రశ్న. కచేరీ దొరది, పోలీసు అమీను దొర ఇంట్లో భోజనం చేసేవాడు. అటువంటి చోట నేరపరిశోధన, న్యాయస్థానం, శాంతి అంటూ మాట్లాడే నవల చివరికి గడి పక్షాన నిలుస్తుందని ఎవరైనా అంటే, ఆ మాటలో చాలా నిజముంది.

నేను దీనికి పూర్తి సమాధానం చెప్పగలనని అనుకోను. చెప్పగలిగినంత చెబుతాను. ప్రక్రియ మారాలి. చెదిరిన వ్యవస్థను తిరిగి నిలబెట్టడం పరిశోధకుడి పని కాకూడదు. చనిపోయిన మనిషి గురించి అబద్ధం మిగలకుండా చూడడం అతడి పని కావాలి. ఈ రెండూ ఒకటి కావు. మొదటిదానికి పోలీసు కావాలి, రెండవదానికి అక్కర్లేదు. ఊరి బడిపంతులు చేయగలడు, మంత్రసాని చేయగలదు, శవాన్ని కడిగినవాడు చేయగలడు.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో చెప్పాలి. మన చరిత్రలో చావులు మొత్తాలుగానే మిగిలాయి. తెలంగాణ సాయుధ పోరాటంలో నాలుగు వేల మంది కమ్యూనిస్టులు, రైతు యోధులు మరణించారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు జరిగిన పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత, 27,000 నుంచి 40,000 మంది దాకా చనిపోయి ఉంటారని పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది; ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజలకు అందుబాటులోకి రాలేదు. ఈ మొత్తాలను ఎవరి పక్షం వారు వాడుకుంటారు. ఒకరు మొదటి అంకె చెబితే మరొకరు రెండవ అంకె చెబుతారు. రెండింటిలోనూ 95వ శవాలు ఎన్ని కలిసిపోయాయో ఎవరు లెక్కపెట్టారు?

ఒక కథ ఊహించండి. 1948 అక్టోబరు, ఈ ప్రాంతంలోని ఒక పేరులేని ఊరు. రజాకార్లు పారిపోయారు, సైన్యం వచ్చింది, దళాలు అడవిలోనే ఉన్నాయి, పారిపోయిన దొరలు ఒక్కొక్కరు వెనక్కి వస్తున్నారు. మోటబావిలో పట్వారీ దగ్గర పనిచేసే ఒక గుమాస్తా శవం తేలుతుంది. దళం వాళ్లు చంపారని మిలిటరీ అంటుంది, ఎందుకంటే వాడు సమాచారం చేరవేసేవాడని పేరుంది. మిలిటరీ చంపిందని దళం అంటుంది. దొర మనుషులు చంపారని కూలీలు అంటారు. పోతూపోతూ రజాకార్లే చంపారని మిగతా ఊరు అంటుంది. నాలుగు పక్షాలకూ నాలుగు ఆశయాలున్నాయి, శవాన్ని ఏ ఆశయం ఖాతాలో రాసినా ఎవరికీ అభ్యంతరం లేదు. పంచనామా ఉర్దూలో నాలుగు పంక్తులు. చివరికి పహాణీ అనే భూమి రికార్డులో ఒక కాలమ్ దగ్గర కథ ఆగుతుంది: రెండెకరాల చెలక, కబ్జాదారు పేరు దిద్ది రాసి ఉంది, దిద్దిన సిరా కొత్తది. చంపినవాడు ఏ ఉద్యమంలోనూ లేడు. లేదా, ఇంకా కష్టమైన కథ కావాలంటే, ఉద్యమంలో ఉన్నాడు, నిజంగా త్యాగాలు చేశాడు, ఈ ఒక్క పని మాత్రం తన చెలక కోసం చేసి ఉద్యమం పేరు పెట్టాడు.

ఈ కథను ఉద్యమ ద్రోహంగా చూసేవారుంటారని తెలుసు. నేను అట్లా చూడను. 1948 తర్వాత ఆయుధాలు దించాలా వద్దా అని ఉద్యమంలోనే తీవ్రమైన వాదం నడిచింది. ఉమ్మడి జిల్లా బిడ్డ, బొల్లేపల్లి రావి నారాయణరెడ్డి, పోలీసు చర్య తర్వాత సాయుధ పోరాటాన్ని కొనసాగించడం తప్పని వాదించినవారిలో ఉన్నారు. ఆయనను 1952 ఎన్నికల్లో నల్లగొండ ప్రజలు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిపించారు. పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరు 21న. అంటే మధ్యలో మూడేళ్లు. ఆ మూడేళ్లలో ఒకే తుపాకీ, ఒకే చేయి, ఒకే ఆశయం. అయినా 1947లో పేలినప్పుడూ 1950లో పేలినప్పుడూ అర్థం ఒకటేనని ఆ పోరాటం నడిపినవారే ఏకాభిప్రాయంతో అనలేకపోయారు. నాయకులు తమలో తాము అడుగుకున్న ప్రశ్నను నవలాకారుడు అడగడానికి వెనుకాడడమెందుకు?

మన చారిత్రక నవలలు ఈ ప్రశ్న దగ్గర తడబడడానికి మరో కారణం ఉంది. మనం చరిత్రను వీరగాథగానే రాస్తూ వచ్చాం. రాచకొండ రాజుల కథ చూడండి. రేచర్ల సింగమ నాయకుణ్ణి జల్లిపల్లి దగ్గర వంచనతో చంపారు. కొడుకులు అనపోతానాయకుడు, మాదానాయకుడు పగ తీర్చుకున్నారు, సోమకుల పరశురాముడన్న బిరుదు వచ్చింది. శత్రువుల రక్తంతో అన్నం కలిపి తండ్రికి రణంకుడుపు పెట్టారని వంశావళి గర్వంగా చెబుతుంది. ఆ అన్నంలో రక్తం కలిసిన సైనికుల పేర్లు వంశావళిలో ఉండవు, ఉండాలని ఎవరూ అనుకోరు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినప్పుడు రాజుల కథను పక్కనబెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆటలాడారు అని వెతికారు. చరిత్రను అట్లా చదివినవారు రాస్తేనే చారిత్రక డిటెక్టివ్ నవల వీరగాథ కాకుండా మిగులుతుంది. ఎందుకంటే ఈ ప్రక్రియకు మొదట కావలసింది రాజు ప్రతాపం కాదు, ఆ రోజు ఆ ఇంట్లో ఏ నూనెతో దీపం పెట్టారు, ఏ జామున తలుపు మూశారు అన్న సమాచారం.

ప్రసంగం తర్వాత వచ్చిన ప్రశ్నల్లో రెండింటికి ఇచ్చిన సమాధానాలను ఇక్కడ చేరుస్తున్నాను.

ఒక యువకుడు అడిగాడు: "సార్, వెట్టి మనిషి దొరను చంపిన కథ రాస్తే, మీ సిద్ధాంతం ప్రకారం వాణ్ణి కూడా దోషిగానే చూపాలా?"

అక్కర్లేదు. అయితే వాణ్ణి నిర్దోషిగా చూపడానికి నిజాం రాజ్యం పడిపోయిందన్న సంగతిని వాడుకోవద్దు. వెట్టి రద్దయిందన్న సంగతిని కూడా వాడుకోవద్దు. ఆ రాత్రి వాడికి ఏం తెలుసో, ఏ దారులు మూసుకుపోయాయో, ఎవరెవరి దగ్గరికి వెళ్లి మొరపెట్టుకొని తిరిగివచ్చాడో అదంతా పాఠకుడి ముందు పెట్టు. అప్పుడు పాఠకుడు వాణ్ణి వదిలేస్తే, ఆ వదిలేయడానికి విలువ ఉంటుంది. ఇంకొకటి. దొర కూడా శవమైన తర్వాత శవమే. వాడి మెడ మీద గుర్తులను కూడా నీ పరిశోధకుడు అంత జాగ్రత్తగానే చూడాలి. అక్కడ చూపు తిప్పుకుంటే, తర్వాత కూలీ శవం దగ్గర వాడు చెప్పే మాటను పాఠకుడు నమ్మడు.

ఒక అధ్యాపకురాలు అడిగారు: ఇటువంటి నవలకు ఆధారాలు ఎక్కడ వెతకాలి, జ్ఞాపకాలు రాసినవారంతా ఏదో ఒక పక్షం వారే కదా అని.

నిజమే అమ్మా. అందుకే జ్ఞాపకాలతో పాటు కాగితాలు చూడాలి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో నిజాం పాలన కాగితాలు పెద్ద ఎత్తున ఉన్నాయి, ఎక్కువ భాగం ఉర్దూ, ఫారసీలో. తాలూకా కాగితాలు, సేత్వారు అనే భూమి సర్వే రికార్డు, పాత పహాణీలు కూడా దొరికినంత వరకు చూడాలి. మన రచయితల్లో ఉర్దూ లిపి చదవగలవారు తగ్గిపోతున్నారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో పాత ఉర్దూ మీడియం చదువు చదివిన పెద్దలు ఇంకా ఉన్నారు. నవల రాయాలనుకునేవారు ముందు ఒక ఆరు నెలలు వారి దగ్గర కూర్చొని ఆ లిపి నేర్చుకోవాలి. వారానికి రెండు రోజులు నేర్పడానికి ఈ సభలోనే ఇద్దరు పెద్దలు ఒప్పుకున్నారు, ఆసక్తి ఉన్నవారు వెళ్లేముందు బల్ల దగ్గర పేర్లు రాయించండి.